పాక సరే, పట్టా ఏదీ?

దివిసీమలో ఉప్పెన అంటే ఒక్కటే. 1977 నవంబరు 19, శనివారం. సొర్లగొంది, నాలి, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాల మీద దాదాపు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం విరుచుకుపడింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయారు. బతికి బయటపడినవాళ్లకు కట్టుబట్టలే మిగిలాయి. సినిమావాళ్లు జోలె పట్టారు, స్థానిక నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఊరూరా తిరిగారు, స్వచ్ఛంద సంస్థలు దిగాయి.

అప్పుడు ముందుగా లేచినవి పాకలే. నాలుగు సరుగుడు గుంజలు, పైన తాటాకు, కింద అలికిన మట్టి. రెండు మూడు వానాకాలాలకు ఆకు చివికిపోతుంది, మళ్లీ నేయాలి. ఆ ఖర్చు ఉండేవాడిదే.

పక్కా ఇళ్లు, కాలనీలు తర్వాత వచ్చాయి. వాటితోపాటే తుఫాను షెల్టర్లూ. కింద స్తంభాలు, ఉప్పెన నీరు అడుగునుంచి పోయేలా ఖాళీ. పైన గది, వెడల్పాటి మెట్లు. మామూలు రోజుల్లో అదే బడి. రోజూ మనుషులు మసిలే కట్టడానికి తాళం తుప్పు పట్టదు. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గరే మరో పెను తుఫాను తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించడంతో ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. 1977తో పోల్చుకోండి.

అమెరికాలో ఈ పాకల పని ట్రైలర్లది. 2005లో కత్రినా తుఫాను తర్వాత నిరాశ్రయులను చక్రాల ఇళ్లలో పెట్టారు. లోపలి చెక్క పలకల్లోంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వస్తోందని తర్వాత బయటపడింది. కాలిఫోర్నియాలో కొన్ని నగరాలైతే ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లకూ ట్రైలర్లే ఇచ్చాయి. చక్రాలుంటే ఇల్లు కదులుతుందనుకుంటాం గానీ, అందులో ఉన్నవాడికి వెళ్లడానికి మరోచోటు ఉంటేగా!

పట్టణాల సంగతి చూద్దాం. 2009 చలికాలంలో ఢిల్లీలో ఇల్లు లేనివాళ్లు తలదాచుకునే ఒక గుడారపు ఆశ్రయాన్ని పీకేశారు. సుప్రీంకోర్టు కలగజేసుకుంది. తర్వాత వచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్ లక్ష జనాభాకు వంద మంది పట్టే ఆశ్రయం ఒకటి ఉండాలంది, మనిషికి 50 చదరపు అడుగులు. ఒక మంచం, ఒక పెట్టె పడతాయి. 2011 లెక్కల్లో బందరు జనాభా లక్షా డెబ్భై వేలకు దగ్గర, గుడివాడది లక్షా పద్దెనిమిది వేలు. అంటే రెండు ఊళ్లకూ ఈ లెక్క వర్తించింది.

పక్కా ఇళ్లకొస్తే, గుడివాడ మల్లాయపాలెంలో పట్టణ పేదలకు కట్టిన 8,912 టిడ్కో ఇళ్లను 2023 జూన్‌లో ప్రారంభించారు. మొదలుపెట్టింది అంతకు ముందు ప్రభుత్వం. కట్టడం పూర్తయ్యేదాకా లబ్ధిదారులు అద్దె కట్టారో, చుట్టాల వసారాలో తలదాచుకున్నారో ఏ శిలాఫలకమూ చెప్పదు.

పాకను, రేకుల షెడ్డును నేను తప్పుపట్టను. వానలో తడిసేవాడికి ఆ రాత్రి కప్పు కావాలి. కాకపోతే దాన్ని ఇచ్చే ఉత్తర్వులోనే రెండు సంగతులు ఉండాలి: పక్కా ఇల్లు ఏ తేదీకి ఇస్తారో, పట్టా ఏ సర్వే నంబరులోనో. కలెక్టరుగారూ, వచ్చే తుఫానుకు ముందే ఆ నమూనా రాయించి పెట్టండి.