మొండి పెడల్‌కి మందు!

అమెరికాలో, టెక్సాస్‌లో మాకు మూడెకరాల స్థలముంది. గడ్డి కోయడానికి చిన్న ట్రాక్టర్ కొన్నాం. గంట నడిపేసరికి నా కుడి పాదం, మోకాలు లాగేసేవి. 'నీ వల్ల కాదులే, దిగు' అన్నారు మావారు. దాంతో నాకు పంతం వచ్చింది!

మా బండికి నడుస్తుండగా క్లచ్ నొక్కి గేరు మార్చే బాధ లేదు. కుడికాలి దగ్గర రెండు పెడళ్లు. ఒకటి ముందుకి, రెండోది వెనక్కి. పెడల్ నొక్కినకొద్దీ పంపు నుంచి నూనె ఎక్కువగా వెళ్లి చక్రాలు వేగంగా తిరుగుతాయి. కాలు తీస్తే స్ప్రింగు పెడల్‌ని యథాస్థానానికి తెస్తుంది. బండి ఆగుతుంది.

ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, తాళంచెవి తీసి వంగి చూద్దును కదా... పెడల్ తిరిగే చోట ఎండుగడ్డి, మట్టి గట్టిగా పేరుకుపోయాయి! శుభ్రంగా తుడిచి, మాన్యువల్‌లో చూపిన చోట గ్రీజు పెట్టాను. సీటు కాస్త ముందుకి జరిపాను. చలిలో నూనె చిక్కబడి పెడల్ బిగుసుకుంటుంది కాబట్టి, ఇంజను కాసేపు వేడెక్కాకే బయలుదేరుతున్నాను.

స్ప్రింగు జోలికి మాత్రం పోలేదు. దాన్ని వదులు చేస్తే కాలికి హాయే గానీ, కాలు తీసినా బండి ఆగకపోతే? అందుకే చదునైన చోట మెల్లగా నడిపి, కాలు తీసి చూశాను. ఆగింది. అలా ఆగకుండా ఇంకా పాకుతుంటే మెకానిక్‌ని పిలవాల్సిందే!

మొన్న మావారు ఎక్కి, 'ఇంత తేలికయిందేమిటీ?' అన్నారు. లోపం నా కాలిలో లేదని అప్పటికి ఒప్పుకున్నారు!