పని పెరుగుటకు కారణమేమి?

ఒక మార్పు జరిగిన వెంటనే ఒక ఫలము కనబడినంత మాత్రమున ఆ మార్పే ఆ ఫలమునకు కారణమని నిశ్చయింపవచ్చునా? తార్కికుల గోష్ఠికి చెందినదిగా తోచు ఈ ప్రశ్న, అమెరికాలో చికాగో నగరము చెంతనున్న వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారి హాథార్న్ కర్మాగారమున, 1924 మొదలు 1932 వరకు, టెలిఫోను పరికరములు తయారుచేయు కార్మికుల నడుమ పరీక్షకు వచ్చెను. వ్యాపార నిర్వహణశాస్త్రజ్ఞులును సమాజశాస్త్రజ్ఞులును ఆ పరీక్షను గూర్చి నేటికిని వాదించుచునే యున్నారు.

అంతకు పూర్వము, 1911లో ప్రకటించిన గ్రంథమున ఇంజనీరైన ఫ్రెడరిక్ టేలర్, ప్రతి పనిని చిన్న కదలికలుగా విభజించి, గడియారముతో కొలిచి, మేలైన పద్ధతిని నిర్ణయించి, అధికముగా పనిచేసినవానికి అధిక వేతనమొసగినచో ఉత్పత్తి పెరుగునని ప్రతిపాదించియుండెను. ఆ దృష్టిలో ప్రతి కార్మికుడును ఏకాకి.

హాథార్న్‌లో మొదట దీపకాంతిని హెచ్చించియు తగ్గించియు చూచిరి గాని, కాంతికిని పనికిని స్పష్టమైన సంబంధము తేలలేదు. 1927లో రిలేలను విద్యుత్ మీటలను కూర్చు ఐదుగురు యువతులను, వారికి విడిభాగములందించు మరియొకతెను వేరు గదిలో నుంచి, నడుమ నడుమ విశ్రాంతి నొసగి, పనివేళలు కుదించిరి. ఉత్పత్తి పెరిగెను. పిమ్మట ఆ సౌకర్యములన్నియు తొలగించినను, వారపు మొత్తము పూర్వస్థాయికి దిగిరాలేదు. హార్వర్డ్ ఆచార్యుడు ఎల్టన్ మేయో మున్నగువారు దీనికి కారణము మానవసంబంధములే యనిరి. తమను శ్రద్ధతో గమనించుచున్నారను భావమే పనిని పెంచినదను మాట పిదప పాఠ్యపుస్తకముల కెక్కెను.

ఇచ్చట మన అన్నంభట్టును స్మరించుట యుక్తము. నిప్పున్నచోట నెల్ల పొగ యుండునని యనరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండున నిప్పున్నను పొగ లేదు. పొగకు తడికట్టెల కూడిక కావలెను. తెలుగువాడైన ఆ పండితుడు తర్కసంగ్రహమున అట్టి మరుగుపడిన నియమమునే ఉపాధి యను పేర వివరించెను. హాథార్న్ గదిలో అట్టివి పెక్కులు: విశ్రాంతితోపాటు వేతనపు లెక్కయు మారినది, పూర్వము సుమారు నూరుగురి పనినిబట్టి లెక్కించు కూలి ఇపుడు ఆ చిన్న బృందము పనినిబట్టియే వచ్చుచుండెను. 1928 ఆరంభమున, మాటలు హెచ్చి సహకారము తగ్గినదని ఇద్దరు యువతులను తొలగించి, వారి స్థానమున వేరిద్దరిని నియమించిరి. ఇన్ని కలసి మారినచోట ఒక్కదానిని వేరుచేసి కారణమనుట సాహసమే. పరిశోధకుడు అలెక్స్ కేరీ 1967లో ఈ లోపములనే తీవ్రముగా విమర్శించెను.

ఇంతకంటె విలువైనదిగా నాకు తోచునది, అంత ప్రసిద్ధికి రాని మరియొక గది. 1931 నవంబరులో, ఎక్స్చేంజి పరికరములకు తీగలు కలుపు పనిలోని పదునలుగురు పురుషులను, ఏ మార్పును చేయక, ఊరక పరిశీలించిరి. మానవశాస్త్రజ్ఞుడు లాయిడ్ వార్నర్ సలహా దీనికి తోడ్పడెను. అధికముగా చేసినచో అధికముగా కూలి దక్కునని యెరిగియు, తీగ కలుపువారు దినమునకు రెండు పరికరముల మేరను తమంతట తాము ఏర్పరచుకొని దానిని దాటకుండిరి. దాటినవానిని ఎగతాళిచేసి, భుజముపై గ్రుద్దిరి. మిక్కిలి తక్కువ చేసినవానిని సహించలేదు. తోటివాని సంగతి పైవారికి చేరవేసినవానిని ద్రోహిగా చూచిరి. వ్రాతలో లేకున్నను అందరును పాటించు ఇట్టి కట్టుబాటునే సమాజశాస్త్రము సమూహనియమ మనును. మరి గమనింపబడుటయే పనిని పెంచునదైనచో, పరిశీలకుడు ఆ గదిలోనే కూర్చుండియుండగా ఇచ్చట నేల పెరుగలేదు? తార్కికులు దీనిని వ్యభిచార మందురు. హేతువైన గమనింపు ఉన్నను, సాధ్యమైన పనిపెరుగుదల లేదు.

ఎక్కువ చేసినచో రేటు తగ్గింతురనియు, కొందరి కొలువులు పోవుననియు ఆ కార్మికులు చెప్పుచుండిరి. రోత్లిస్‌బర్గర్, డిక్సన్ అను హాథార్న్ పరిశోధకులు 1939లో ప్రకటించిన గ్రంథమున ఈ ప్రవర్తనను ఆర్థికవివేకముతో గాక సమూహభావములతో వివరించిరి. నాకిది సమ్మతము కాదు. అది మహామాంద్యకాలము, పని చాలనందున 1932లో ఆ గది ప్రయోగమే నిలిచిపోయినది. అట్టివేళ ఉన్న పనిని పొదుపుగా పంచుకొనదలచినవారి యోచనకు హేతువు వారి కన్నుల యెదుటనే యుండెను.