రోమను సామ్రాజ్యంలో మతం, రాజ్యాధికారం

సూరా రూమ్ ద్వారా మన పాఠకులకు పరిచితమైన రూమ్ క్రైస్తవ రాజ్యం. అంతకు సుమారు మూడున్నర శతాబ్దాల పూర్వం అదే రాజ్యం క్రైస్తవులను బలిపీఠం ముందు నిలబెట్టి పరీక్షించింది. దీనికి కారణం తెలియాలంటే, రోమనులు మతాన్ని ఏమనుకున్నారో ముందుగా గ్రహించాలి.

వారి దృష్టిలో మతమంటే ప్రధానంగా దేవతలకు రాజ్యం చెల్లించవలసిన ఋణం. బలులు సక్రమంగా జరిగితేనే రాజ్యానికి క్షేమమని నమ్మేవారు. అందుచేత పెద్ద పూజారి పదవులు రాజకీయ నాయకుల చేతుల్లోనే ఉండేవి. జూలియస్ సీజర్ క్రీ.పూ. 63లో ప్రధాన పూజారిగా ఎన్నికైన నాటికి ఆయనకు కాన్సల్ పదవి సైతం దక్కలేదు. ఆయన మరణానంతరం, క్రీ.పూ. 42లో, సెనేటు ఆయనను దేవతల్లో చేర్చింది. దానితో దత్తపుత్రుడు 'దేవుని కుమారుడు' అయ్యాడు! అతడే అగస్టస్. క్రీ.పూ. 12లో ప్రధాన పూజారి పదవిని కూడా అతడే చేపట్టాడు. అటు తర్వాతి చక్రవర్తులూ దాన్ని వదలలేదు.

క్రీ.శ. 249లో గద్దెనెక్కిన డెసియస్ మరింత ముందుకు పోయాడు. ప్రజలంతా దేవతలకు బలి ఇచ్చి, అధికారుల నుండి ధ్రువపత్రం పొందాలని శాసించాడు. ఈజిప్టులో ఇలాంటి పత్రాలు 40కి పైగా దొరికాయి. 1893లో ప్రకటితమైన పత్రం డయోజెనిస్ అనే 72 ఏళ్ల గ్రామస్థునిది. కుడి కనుబొమ్మపై మచ్చ ఉందని ఆనవాలు కూడా రాశారు. తాను ఎప్పుడూ బలులిస్తూనే వచ్చాననీ, ఇప్పుడు అధికారుల ఎదుట మళ్లీ ఇచ్చి ఆ మాంసం రుచి చూశాననీ అతని విన్నపం. మరొక పత్రం పెటెసూకోస్ అనే మొసలి దేవుని పూజారిణిది. విగ్రహసేవే వృత్తిగా గల ఆమెకు సైతం పత్రం తప్పలేదంటే, ప్రభుత్వం కోరింది ప్రతి మనిషి విధేయతకు లిఖితపూర్వకమైన రుజువని స్పష్టమవుతున్నది.

క్రైస్తవుల్లో కొందరు నిరాకరించి ప్రాణాలు కోల్పోయారు. కొందరు బలి ఇచ్చారు. మరికొందరు బలి ఇవ్వకుండానే, అధికారులకు డబ్బు ముట్టజెప్పి పత్రం కొనుక్కున్నారు. ప్రభుత్వానికి ఈ చివరి ఇద్దరూ ఒకటే. మరి విశ్వాసం మాటేమిటి? ఇక్రాహ్ గురించిన ఫిఖ్హ్ చర్చలు ఎరిగిన వారికి ఈ ప్రశ్న అపరిచితం కాదు. 251లో కార్తేజ్ బిషప్ సిప్రియన్ నాయకత్వాన సమావేశమైన సభ, పత్రం కొన్నవారిని విడివిడిగా విచారించి తిరిగి చేర్చుకోవచ్చుననీ, బలి ఇచ్చినవారు దీర్ఘకాలం పశ్చాత్తాపం పాటించాలనీ తీర్మానించింది. రోములో నోవేషియన్ ఎవరినీ చేర్చుకోరాదని పట్టుబట్టి విడిపోయాడు.

అదే సంవత్సరం డెసియస్ గోతులతో యుద్ధంలో మరణించగా, అతని శాసనం మూలపడింది. నోవేషియన్ అనుయాయులు మాత్రం ఆ తర్వాత కొన్ని శతాబ్దాల పాటు వేరు సంఘంగానే కొనసాగారు.