కుట్టు కూలి కరెంటు పాలేనా?

నలుగురు ఆడవాళ్లు కలిసి కుట్టు సెంటరు పెట్టుకున్నారనుకుందాం. నెలంతా కష్టపడతారు. జాకెట్లు, గౌన్లు కుడతారు. వచ్చిన కూలిలో కొంత కరెంటు బిల్లుకే పోతుంది. ఆ బిల్లు తగ్గేదెలా?

ముందు యూనిట్ అంటే ఏమిటో తెలుసుకుందాం. 1000 వాట్ల సామాను ఒక గంట వాడితే ఒక యూనిట్ ఖర్చవుతుంది.

సెంటరులో 60 వాట్ల పాత రకం బల్బులు నాలుగు ఉన్నాయనుకోండి. రోజుకు 5 గంటలు వెలిగితే 30 రోజులకు 36 యూనిట్లు అవుతాయి. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు కూడా అంత వెలుతురూ ఇస్తుంది. నాలుగు బల్బులూ మారిస్తే నెలకు 6 యూనిట్లు కూడా కావు. 30 యూనిట్లు మిగిలినట్టే.

ఎందుకని? పాత బల్బు తినే కరెంటులో చాలా భాగం వేడిగా మారి వృథా అవుతుంది.

వేడి పుట్టించే సామాను కరెంటు ఎక్కువ తింటుంది. ఇస్త్రీ పెట్టె అలాంటిదే. ఒక్కో జాకెట్టుకు ఒక్కోసారి వేడి చేయకండి. బట్టలన్నీ పోగుచేసి ఒకేసారి ఇస్త్రీ చేయండి. చివర్లో స్విచ్చి ఆపేయండి. మిగిలిన వేడితో పలచని బట్టలు ఇస్త్రీ అవుతాయి.

పొదుపు అంటే చీకట్లో కుట్టడం కాదు. మసక వెలుతురులో కుడితే కళ్లు లాగుతాయి. కుట్టు వంకర పోతుంది. పగటిపూట మిషన్లను కిటికీ దగ్గరికి జరపండి. ఎవరూ లేని చోట ఫ్యాను ఆపండి.

కరెంటు బిల్లు తీసి చూడండి. పోయిన నెల ఎన్ని యూనిట్లు? ఈ నెల ఎన్ని? మీరే చదవండి. మీరే లెక్క కట్టండి.