పాత దుస్తుల అంగడికి క్రొత్త అమరిక

మన పాండూరు విద్యార్థులు తిరువళ్లూరునకో, తిరుత్తణికో పోయి కోరునవి నేడు వదులు టీషర్టులు, తలకప్పు గల చొక్కాలు. వీనినే స్ట్రీట్‌వేర్ అందురు. పరుపుపై గూర్చుండి తానులు విప్పి చూపుటకు ఏర్పడిన అంగడిలో ఇవి ఇముడవు. అట్టి అంగడిని ఎట్లు మార్చవలెను?

1994లో జేమ్స్ జెబియా న్యూయార్కు నగరపు లఫాయెట్ వీధిలో సుప్రీమ్ అను అంగడిని తెరచెను. దుస్తులను గోడల వెంబడి అమర్చి, నడిమి చోటును ఖాళీగా నుంచెను. చక్రాల పలకలపై తిరుగు యువకులు వీపు సంచులతోనే లోనికి రాగలిగిరి. అలంకారమునకు ముందు కొనువారి నడకను గమనింపవలెనని దీనివలన తెలియుచున్నది.

రెండవది వెలుతురు. దీపము క్రింద ఒకే రంగుగా తోచిన రెండు బట్టలు ఎండలో వేరుగా కనబడవచ్చును. కనుకనే మన తల్లులు చీరను వాకిటికి తెచ్చి చూతురు. నిలువుటద్దమును పగటి వెలుతురు పడుచోట నుంచుట మేలు. తొడిగి చూచుకొను గదికి గట్టి తలుపు, లోపల గడియ ఉండవలెను.

మూడవది పాతవారి మర్యాద. పెద్దలు కూర్చుండుటకు ఒక పరుపైనను, ఒక బల్లయైనను మిగుల్పవలెను. అది తీసివేసినచో పిల్లలు వత్తురు గాని, వెల చెల్లించు తండ్రి గుమ్మముకడనే నిలిచిపోవును.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమున చేరినను, మన యిండ్లలో తెలుగు నిలిచియున్నది. ధరల పలకలపై తమిళముతోపాటు తెలుగును వ్రాయించినచో, తెలుగు మాత్రమే చదువగల అవ్వ ఎవరినీ అడుగకయే మనుమనికి చొక్కా కొనగలదు. అమరిక యనగా ఇదియే గదా!