ఒక్క క్వార్టరే సార్!

"తాగుతావా?" అని డాక్టరు అడిగితే, "అబ్బే, ఎప్పుడో పండక్కీ పబ్బానికీ" అనే వస్తుంది జవాబు. పక్కన నిలబడ్డ భార్య తల దించుకుంటుంది. మరి మందు మాటే ఎత్తకుండా మందు అలవాటును పసిగట్టలేమా?

1965లో అమెరికాలో క్రెయిగ్ మెకాండ్రూ అనే పరిశోధకుడు ఆ ప్రయత్నమే చేశాడు. ఎంఎంపీఐ అని, వందలకొద్దీ వాక్యాలకు అవుననో కాదనో గుర్తుపెట్టే వ్యక్తిత్వ పరీక్ష అప్పటికే వాడుకలో ఉంది. తాగుడు మానడానికి చికిత్సకొచ్చిన 300 మంది మగవాళ్ల జవాబులనూ, వేరే మానసిక సమస్యలతో వచ్చిన 300 మంది జవాబులనూ పక్కపక్కన పెట్టి చూశాడు. బాగా తేడా కనబడిన వాక్యాలు 51. వాటిలో రెండు నేరుగా తాగుడు గురించే ఉన్నాయని తీసేశాడు. మిగిలిన 49లో సీసా ఊసే లేదు. అయినా ఆ రెండు గుంపులనూ నూటికి ఎనభైకి పైగా సరిగ్గా విడదీయగలిగాడు.

ఇంకా విచిత్రం 1974లో బయటపడింది. తాగుడుకు చికిత్స పొందుతున్న కొందరు, ఏళ్ల కిందట మినెసోటా విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఇదే పరీక్ష రాశారు. ఆ పాత కాగితాలు తిరగేస్తే, అప్పటికే వాళ్ల మార్కులు ఎక్కువగా ఉన్నాయి. జాతకం దొరికినట్టే అనిపిస్తుంది. కానీ ఈ కొలబద్ద పట్టేది ముఖ్యంగా దుడుకుతనాన్ని, తెగింపును. అవి ఉన్నవాళ్లంతా తాగుబోతులు కారు కదా!

అందుకే తిన్నగా అడిగే పరీక్షలే ఆసుపత్రుల్లో నిలిచాయి. జాన్ ఈవింగ్ తయారుచేసిన 'కేజ్'లో ఉన్నవి నాలుగే ప్రశ్నలు. తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా తప్పుపడితే చిరాకేసిందా? తప్పు చేస్తున్నానని బాధపడ్డావా? పొద్దున లేస్తూనే గుక్కేస్తే గానీ స్థిమితపడని రోజులున్నాయా? రెండింటికి అవునంటే డాక్టరు లోతుగా ఆరా తీయాల్సిందే. ఎంత తాగుతావని మాత్రం ఇది అడగదు. అడిగితే అబద్ధమే కదా వచ్చేది!

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 'ఆడిట్' ఆ లెక్కా అడుగుతుంది. పది ప్రశ్నలు, 40 మార్కులు. 8 వచ్చిందంటే జాగ్రత్తపడాలి. మన దగ్గర చిక్కంతా లెక్కలోనే. ఆడిట్ దృష్టిలో ఒక డ్రింకంటే 10 గ్రాముల ఆల్కహాలు. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టరులో, 42.8 శాతం చొప్పున, దాదాపు 60 గ్రాములుంటుంది. "ఒక్క క్వార్టరే సార్" అన్నవాణ్ని నమ్మి ఫారంలో ఒకటి వేసుకుంటే ఐదు డ్రింకులు గల్లంతు. ఆడిట్ మూడో ప్రశ్న అడిగేది సరిగ్గా అదే: ఒకే సిట్టింగులో ఆరు, అంతకు మించి ఎన్నిసార్లు తాగుతావని.