ఫోను మారినా నంబరు నిలవాలి

టచ్ ఫోను పక్కనపెట్టి తీసుకునే బటన్ ఫోన్లు రెండు రకాలు. 2జీ నెట్‌వర్కు మీద మాటలకూ మెసేజీలకూ పనికొచ్చేవి మొదటి రకం. 2003లో వచ్చి 25 కోట్లకు పైగా అమ్ముడైన నోకియా 1100 ఈ రకానిదే. 4జీ నెట్‌వర్కు మీద వోల్టీ పద్ధతిలో మాటలు పంపే కీప్యాడ్ ఫోన్లు రెండో రకం. 2017 నాటి జియోఫోన్, 2023 నాటి జియో భారత్ ఈ కోవలోనివి. పైకి రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. కొనేముందు పెట్టె మీద చూడవలసింది ఈ తేడానే.

జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ము పాత బటన్ ఫోనులో పనిచేయదు. ఎయిర్‌టెల్, వీఐ సిమ్ములకు ఇండియాలో ఆ ఇబ్బంది లేదు. విదేశాల్లో సంగతి వేరు. అమెరికాలో పెద్ద కంపెనీలు 3జీని 2022లో ఆపేశాయి. ఆస్ట్రేలియాలో 2024లో ఆగిపోయింది. అక్కడ వోల్టీ లేని ఫోనుతో పని జరగదు. వోల్టీ ఉన్నా బ్యాండ్లు కలవాలి. జియో 4జీ ముఖ్యంగా 3, 5, 40 బ్యాండ్లలో నడుస్తుంది. అమెరికాలో 2, 4, 12, 13, 66, 71 బ్యాండ్ల వాడకం ఎక్కువ. అందుకే నంద్యాలలో కొన్న ఫోను డాలస్‌లో పలకకపోవచ్చు.

ఊళ్లో ఉన్న పెద్దలకు మాత్రం బటన్ ఫోను చక్కగా సరిపోతుంది. ఉదాహరణకు, శ్రీశైలం ప్రాజెక్టు కాలనీగా పెరిగిన సున్నిపెంట చుట్టూ నల్లమల అడవే. నంద్యాల నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు. వీడియో కాల్‌కు ఎడతెగని డేటా కావాలి, సిగ్నల్ పోతే అదీ తెగిపోతుంది. ఎస్ఎంఎస్ అలా కాదు. అందుకునే ఫోనుకు సిగ్నల్ లేకపోతే మెసేజీ కంపెనీ సెంటర్లో కొంతకాలం నిలిచి ఉండి, సిగ్నల్ రాగానే చేరుతుంది. కృష్ణమ్మకు ఆనకట్ట కట్టినవారి కాలనీలో జీవితం గడిపిన తల్లిదండ్రులకు నాలుగు రోజులు ఛార్జింగ్ నిలిచే ఫోను, పెద్ద అంకెల కీప్యాడ్ ఎంతో సుఖం.

బటన్ ఫోనుతో పోయేవాటిలో మొదటిది వాట్సాప్. జియోఫోన్ వంటి కైఓఎస్ ఫోన్లలో కొత్తగా వాట్సాప్ వేసుకోవడం 2024 జూన్‌లోనే ఆగిపోయింది. యూపీఐ మాత్రం పూర్తిగా దూరం కాదు. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించిన యూపీఐ 123పే ద్వారా ఫోన్ కాల్‌తోనే డబ్బు పంపవచ్చు. లింకు నొక్కించి, యాప్ వేయించి చేసే మోసాలు కూడా చాలావరకు తగ్గుతాయి. అయితే పోలీసులమని బెదిరించే కాల్ బటన్ ఫోనుకూ వస్తుంది. ఫోన్లో అరెస్టు చేసే చట్టమేదీ లేదని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలని పెద్దలకు ముందే చెప్పి ఉంచాలి.

ప్రవాసులు అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది ఇండియా నంబరు. ఆధార్ ఓటీపీ భారతీయ నంబరుకే వస్తుంది. ఎన్ఆర్ఓ ఖాతా, ఆదాయపు పన్ను, ఆళ్లగడ్డలోని ఇంటి కాగితాలు, నంద్యాల పొలం రికార్డులు ఏదో ఒక మెట్టు దగ్గర ఆ నంబరునే అడుగుతాయి. ఆ సిమ్మును తీసి పాత 2జీ ఫోనులో వేసి సొరుగులో పెట్టడం చాలా ఇళ్లలో జరిగేదే. అమెరికాలో ఆ ఫోను నెట్‌వర్కును పట్టకపోతే ఓటీపీ రాదు, బ్యాంకు హెచ్చరికా రాదు. సిమ్ము మూగబోయిన సంగతి అవసరం పడేదాకా ఎవరికీ తెలియదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలైనా నిల్వ ఉంటే కొంత గడువు దొరుకుతుంది. రద్దయిన నంబరు ఆ తర్వాత కొన్నాళ్లకు మరొకరి చేతికి వెళుతుంది. అప్పుడు పాత యజమాని బ్యాంకు మెసేజీలు ఆ కొత్త మనిషికి చేరతాయి. మార్చుకుందామంటే పాత నంబరుకే ఓటీపీ పోతుంది. ఒక్కొక్కప్పుడు ఆ ఒక్క పని కోసం విమానమెక్కి రావలసి ఉంటుంది. మాటలు, మెసేజీలకు మాత్రమే విడిగా రీఛార్జులు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని కూడా చెప్పింది. డేటా అక్కరలేని బటన్ ఫోనుకు ఇది అనువైన దారి. అయినా రీఛార్జు ఉంటే చాలనుకోకుండా, నెలకొకసారి ఆ నంబరు నుంచి ఒక కాల్ చేయాలి. రోమింగ్ తెరిచి ఉందో లేదో ఇండియాలో ఉన్నప్పుడే చూసుకోవాలి.

మారే పని వరుసగా చేయాలి. ముందుగా ఫోన్ నంబర్లన్నీ నోటు పుస్తకంలో రాసుకోవాలి. బ్యాంకులో ఈమెయిల్‌తో పాటు విదేశీ నంబరును కూడా ఎక్కించాలి, చాలా బ్యాంకులు దాన్ని తీసుకుంటాయి. కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి భద్రపరచాలి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే తొలగిపోతుంది కనుక ఫొటోలు, అమ్మానాన్నల గొంతు ఉన్న వాయిస్ మెసేజీలు ముందే కంప్యూటర్లోకి దించుకోవాలి. కొత్త ఫోనులో ఒక ఓటీపీ వచ్చిందని కళ్లారా చూశాకే పాత ఫోనును చెరిపివేయాలి. సిమ్ము ఊళ్లో ఉంచితే సొంత మనిషి దగ్గరే ఉంచాలి, ఆ ఓటీపీలు ఇంకెవరికీ చెప్పకూడదని వారికి గట్టిగా చెప్పాలి.

బటన్ ఫోనులో తెలుగు ఉంటుందా అన్న అనుమానం అక్కరలేదు. ఇండియాలో అమ్మే ఫోన్లు రాజ్యాంగం గుర్తించిన 22 భాషల మెసేజీలనూ చూపించాలని 2016లో ప్రమాణం వచ్చింది. కొలత మాత్రం వేరు. ఇంగ్లిషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 గుర్తులే. ఒత్తు, గుణింతం, సున్నా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. సున్నిపెంట అన్న ఒక్క మాటకే 10 గుర్తులు పోతాయి. పొడవైతే మెసేజీ రెండుగా లెక్కపడి ఖర్చు పెరుగుతుంది. ఆ నాలుగు పైసల కోసం తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోకి దించవద్దు. అవ్వ చదివే లిపిలోనే మనవడు రాయాలి.

వీడియో లేని కాల్‌లో ముఖం కనిపించదు కాబట్టి అన్నిటినీ మాటతోనే చెప్పాలి. తాతకు బడి సంగతి వర్ణించాలంటే పిల్లలకు తెలుగు మాటలు కావాలి, వారానికొక కాల్ చేస్తుంటే అవి వస్తాయి. సీమ యాసను ఖండాలు దాటించి నిలబెట్టుకుంటున్న కుటుంబాలకు ఇది కష్టం కాదు. పిల్లలకు అవ్వాతాతల నంబరు నోటికి రావాలి. ఆ నంబరు, తమ ఇండియా నంబరు రెండూ బతికి ఉండేలా రీఛార్జు తేదీలను ఇంటి క్యాలెండరు మీద రాసిపెట్టుకోవడం ప్రతి ప్రవాస కుటుంబం చేయవలసిన పని.